విశ్రాంతి పొందిన తండ్రికి వ్యాపకము



కొన్ని వారముల క్రిందట ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా నాన్నగారు ఉద్యోగము విరమించి ఆరు నెలలైనది. దినమెల్ల అరుగుమీద కూర్చుండి వీధివైపు చూచుచున్నారు. ఆయనకు తృప్తినిచ్చు వ్యాపకమేదైన ఉన్నయెడల చెప్పుడి, ఎంత ఖరీదైనను కొని తెచ్చెదను" అనెను. అతని ప్రశ్నలో ప్రేమ యున్నది. అయినను నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా కొన్ని సంవత్సరముల క్రిందట అదే ప్రశ్న నన్ను నేనే అడుగుకొని, తప్పు జవాబు చెప్పుకొని, మా తండ్రిగారి మనస్సు నొప్పించితిని. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ వ్రాయుచున్నాను. అట్టి కుమారులును కుమార్తెలును మన సంఘములలో ఇంకను అనేకులున్నారని నేనెరుగుదును.

ఇది ఇంటి సంగతియే గాని ధర్మశాస్త్రపు సంగతి కాదని కొందరనుకొందురేమో. నిదానముగా ఆలోచించి చూడుడి. ఒక మనుష్యుని పని ముగిసిన తరువాత అతని దినములు ఎవరివి? వాటిని నింపుటకు పిల్లలకు అధికారము కలదా? నింపకుండ విడిచిపెట్టినయెడల అది నిర్లక్ష్యమగునా? తల్లిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ వారికి అన్నవస్త్రములిచ్చి, చేతికొక పని ఇచ్చినంతమాత్రమున నెరవేరునా? ఇవి చిన్న ప్రశ్నలు కావు.

మన తాతల కాలమున ఈ చిక్కు అంతగా లేదు. రైతు తన కాళ్లు నడిచినంత కాలము పొలమునకు వెళ్లెను. నేతగాడు కన్ను కనబడినంత కాలము మగ్గమునొద్ద కూర్చుండెను. ఫలాని దినమున పని మానవలెనని నిర్ణయించునది సర్కారు ఉద్యోగము. ఆ దినమైనను స్థిరమైనది కాదు. ఆంధ్ర ప్రదేశమున 1983లో దానిని 58 సంవత్సరములనుండి 55కు తగ్గించిరి, మరల 58 చేసిరి. 2014లో 60కిని, 2022లో 62కును పెంచిరి. తెలంగాణమున 2021లో 61 చేసిరి. ఇట్లు కాగితముమీద అంకె మారినప్పుడెల్ల మనుష్యుని బలము పెరుగుచు తరుగుచు నుండునా? ఆ దినమునకు ముందు రాత్రి అతడు పనికి తగినవాడు. మరునాటి ఉదయమున తగనివాడు. శరీరమునకు తెలియని ఈ మార్పు మనస్సునకు మాత్రము బాగుగా తెలియును.

పరిశుద్ధ గ్రంథమున పదవీ విరమణను గూర్చిన నియమము ఒకటి కలదని చెప్పినయెడల మీరు ఆశ్చర్యపడుదురేమో. సంఖ్యాకాండము 8వ అధ్యాయపు చివరి వచనములు చూడుడి. లేవీయుడు 25 సంవత్సరముల ప్రాయమున ప్రత్యక్షపు గుడారపు సేవలో ప్రవేశింపవలెను. 50 సంవత్సరములు నిండగానే ఆ సేవనుండి తొలగిపోవలెను. గుడారమును విప్పుట, మోయుట, మరల నిలువబెట్టుట బరువైన పని. కహాతీయులైతే పరిశుద్ధమైన వస్తువులను బండ్లమీద గాక భుజములమీదనే మోయవలసియుండెను. గనుక ఏబది యేండ్లకు ఆ బరువు దింపిరి. అయితే నియమము అంతటితో ఆగలేదు. అట్లు తొలగినవాడు తన సహోదరులతో కూడ ఉండి, వారు కావలి కాచునప్పుడు వారికి తోడుగా నుండవచ్చునని చెప్పబడియున్నది. బరువు పోయెను, చోటు పోలేదు. మన కాలపు పదవీ విరమణలో బరువుతో పాటు చోటును తీసివేయుచున్నాము. నొప్పి యంతయు అక్కడనే యున్నది.

మా తండ్రిగారు 36 సంవత్సరములు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి, 2016వ సంవత్సరము ఏప్రిల్ నెలాఖరున విరమించిరి. సన్మాన సభ జరిగినది. శాలువ కప్పిరి, పూలదండ వేసిరి, ఒక గోడ గడియారము బహుమానముగా ఇచ్చిరి. మే నెలంతయు వేసవి సెలవులు గనుక ఆయనకుగాని మాకుగాని ఏమియు తెలియలేదు. జూన్ నెలలో బడులు తెరచిన ఉదయమున తెలిసినది. మా యింటికి బడి గంట వినబడును. ఆయన యథాప్రకారము స్నానము చేసి, ఇస్త్రీ చొక్కా తొడిగికొని, గంట మ్రోగగానే లేచి గుమ్మమువరకు నడిచి, అక్కడ నిలిచిపోయిరి. కొంతసేపటికి వెనుకకు వచ్చి అరుగుమీద కూర్చుండిరి. చొక్కా మాత్రము సాయంకాలమువరకు విప్పలేదు. మా తల్లిగారు ఈ మాట నాకు ఫోనులో చెప్పి యేడ్చిరి.

మేము ముగ్గురము పిల్లలము. ముగ్గురమును వెంటనే పూనుకొంటిమి. హైదరాబాదులో నున్న మా తమ్ముడు మంచి సెల్ ఫోను పంపెను. మా చెల్లెలు పెద్ద టీవీ కొని పెట్టించెను. నేను దగ్గర గ్రామములోనే ఉండువాడను గనుక నాకు ఎక్కువ తెలియునని తలంచి రెండు పనులు చేసితిని. ఒక లావుపాటి నోటు పుస్తకము ఇచ్చి, "నాన్నగారూ, మీ జీవిత చరిత్ర వ్రాయుడి" అంటిని. పెరటిలో పాదులు త్రవ్వించి, సొర, బీర విత్తనములు తెచ్చి, పందిరి వేయించితిని.

సొరపాదు సంగతి మీకు తెలియును. దాని తెల్లని పువ్వులు సాయంకాలము విచ్చుకొనును. మగపువ్వునకు పొడుగాటి కాడ మాత్రమే యుండును, ఆడపువ్వు క్రింద చిన్న పిందె యుండును. పురుగులు రాని చోట మగపువ్వును తెంపి ఆడపువ్వునకు చేతితో తాకించినయెడల పిందె నిలుచును. లేనియెడల పసుపుపచ్చనై రాలిపోవును. ఈ సంగతి ఒక రైతునొద్ద నేర్చుకొని మా తండ్రిగారికి నేర్పితిని. ఆయన రెండు వారములు నేను చెప్పినట్లే చేసిరి. ఒక శనివారము నేను వెళ్లి చూచునప్పటికి పందిరి క్రింద పిందెలన్నియు రాలి పడియున్నవి. నోటు పుస్తకములో మూడు పేజీలు వ్రాసి ఆపివేసిరి. నాకు కోపము వచ్చినది. "నాన్నగారూ, సాయంకాలము రెండు నిమిషముల పని. మీకు అంత మాత్రపు తీరిక లేదా?" అంటిని.

ఆ మాట నా నోట వచ్చిన తరువాతగాని దాని క్రూరత్వము నాకు తెలియలేదు. ఆయనకు తీరిక తప్ప మరేమున్నది?

ఆయన కోపపడలేదు. కొంతసేపు ఊరకుండి ఇట్లనిరి. "అబ్బాయీ, బడిలో రెండు తరగతులు ఒక్కడనే చెప్పవలసివచ్చినప్పుడు, ఒక తరగతి పిల్లలు అల్లరి చేయకుండుటకై వారికి పలకమీద లెక్కలు వేసి ఇచ్చెడివాడను. రెండవ తరగతికి పాఠము చెప్పుకొనెడివాడను. ఆ లెక్కలు నేనెన్నడు దిద్దలేదు. పిల్లలకు ఆ సంగతి తెలియును. గనుక కొన్నాళ్లకు వారు వాటిని చేయుట మానిరి. నీవును నాకు అట్టి లెక్కలే ఇచ్చుచున్నావు."

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ విత్తనములు ఎవరికొరకు కొంటిని? మా యింట సొరకాయలకు కొదువ లేదు. వాటికొరకు ఎవరును ఎదురుచూడలేదు. అయిదు గ్రామములు తిరుగవలసిన నేను, మోటారు సైకిలెక్కి పోవునప్పుడు ఆయన అరుగుమీద ఒంటరిగా కూర్చుండుట చూచి నా మనస్సు గుచ్చుకొనెడిది. ఆ గుచ్చుకొనుట పోవుటకై ఆయన చేతిలో ఒక పని పెట్టితిని. ఆయన ఒంటరితనము పోలేదు, నా కంటికి కనబడకుండ పోయినది. అంతే.

మార్కు సువార్త 7వ అధ్యాయమున ప్రభువు కొర్బానును గూర్చి పలికిన మాటలు చదువుడి. తల్లిదండ్రులకు చెందవలసిన ప్రయోజనమును దేవునికి అర్పితమని చెప్పి, ఆ పేరుతో వారికి ఏమియు చేయకుండ తప్పించుకొనుటను ఆయన గద్దించెను. అర్పణ మంచిదే. తప్పించుకొనుటకు దానిని అడ్డు పెట్టుకొనుటయే దోషము. అట్లే వ్యాపకము మంచిదే. తండ్రియొద్ద కూర్చుండవలసిన గడియకు బదులుగా టీవీని, ఫోనును, విత్తనముల పొట్లమును ఇచ్చి, "నా వలన కలుగవలసినది దీనివలన కలుగును" అని చెప్పినయెడల అదియు ఒక కొర్బానే యగును.

ఇక్కడ మన భాషలోని రెండు మాటలను విచారింపవలెను. కాలక్షేపము ఒకటి, వ్యాపకము ఒకటి. క్షేపమనగా విసరివేయుట. కాలక్షేపమనగా కాలమును విసరివేయుట, ఎట్లో యొకట్లు గడపివేయుట. అలసినవానికి అదియు కొంత అవసరమే. వ్యాపకమనగా వ్యాపించునది. మనస్సంతట నిండి, పడుకొన్నను లేచినను వదలక యుండునది. కాలక్షేపమును ఒకరు మరియొకరికి కొని ఇయ్యవచ్చును. వ్యాపకమును కొని ఇయ్యలేము. అది ఆ మనుష్యుని లోపలనే యుండి, బయటికి వచ్చుటకు చోటు వెదకుచుండును. పిల్లలమైన మనము దానిని గుర్తింపవచ్చును, చోటు ఇయ్యవచ్చును. అంతకు మించి మనచేత కాదు.

మా తండ్రిగారిది ఎట్లు బయటికి వచ్చినదో చెప్పెదను. ఆ సంవత్సరపు వర్షములలో మా గుడి కప్పు కారి, బీరువాలో నున్న పాటల పుస్తకములు తడిసినవి. అట్టలు ఊడి, కుట్లు తెగి, పనికిరానివగుటచేత వాటిని ఒక మూల పడవేయించితిని. ఒక దినమున అవి అక్కడ లేవు. తీసికొనిపోయినవారు మా తండ్రిగారే. ఎవరిని అడుగలేదు, ఎవరికి చెప్పలేదు. పుస్తకములను నీడన ఆరబెట్టి, మా తల్లిగారిచేత మైదా జిగురు కాయించి, పురుగు పట్టకుండ దానిలో చిటికెడు మైలుతుత్తము కలిపిరి. గుడిలో మిగిలిన క్రొవ్వొత్తి ముక్కను దారమునకు రుద్ది, దబ్బనముతో రంధ్రములు పొడిచి, మడతలను ఒక్కొక్కటిగా కుట్టిరి. బట్టల కొట్టునుండి తెచ్చిన పెట్టెల అట్టలను కోసి అంటించి, వాటిమీద సన్నికల్లు పెట్టి రెండు రాత్రులు ఉంచిరి. పదునొకండు పుస్తకములు గుడికి తిరిగి వచ్చినవి.

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. మా చిన్నతనమున ప్రతి వేసవి సెలవులలోను ఆయన బడి రిజిస్టర్లను, పై తరగతికి పోయిన పిల్లలు విడిచిన పాఠ్యపుస్తకములను ఇంటికి తెచ్చి, వెనుక వచ్చు బీదపిల్లలకు పనికివచ్చునట్లు కుట్టెడివారు. దానికి జీతము లేదు, పైవారి ఆజ్ఞ లేదు. మేము దారము పట్టుకొనెడివారము. ఇన్ని యేండ్లు మా కన్నుల యెదుటనే యున్నదానిని మేము చూడక, అంగడిలో వ్యాపకము వెదకితిమి.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. గొప్పవారి చరిత్రలలోను ఇట్లే కనబడుచున్నది. గోదావరి జిల్లాలవారు నేటికిని గౌరవముతో తలంచు సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించిరి. ఆయన ఉద్యోగము చాలించి స్వదేశమునకు వెళ్లిన తరువాత, వార్ధక్యమున ఇంగ్లాండులోని డార్కింగు అను ఊరిలో నేలను మిక్కిలి లోతుగా త్రవ్వి గుల్లచేసి గోధుమ పండించినయెడల దిగుబడి ఎంత పెరుగునో పరీక్షించుచుండిరి. 1899లో 96 సంవత్సరముల వయస్సున మరణించిరి. నేలయు నీరును పంటయు యౌవనమునుండి ఆయన మనస్సులో నున్నవే. పెద్ద నదికి బదులు చిన్న తోట వచ్చినది, చింత మాత్రము అదే.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ముప్పది సంవత్సరములు బడిపంతులుగా నుండి 1911లో విరమించిరి. ఉద్యోగములో నుండగనే, ఎవరును ఆజ్ఞాపింపకుండనే, ఆ కొండలలోని సవరల భాష నేర్చుకొని వారికొరకు పాటుపడుచుండిరి. విరమించిన తరువాత ఇరువది యేండ్లకు, అనగా 1931లో, ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణము అచ్చుపడినది. నేను ఇప్పుడు వ్రాయుచున్న ఇట్టి గ్రాంథికపు భాషను మానుడని ఆయన జీవితాంతము వాదించిరి గనుక, ఈ వ్యాసము ఆయనకు నచ్చకపోవును. అయినను ఆయన మాదిరి మనకు ఉపయోగకరము. వారిద్దరి వ్యాపకమునకును విత్తనము ఉద్యోగకాలములోనే పడియున్నది. తీరిక దానికి వర్షమైనది.

మరల మా తండ్రిగారి యొద్దకు వత్తము. ఆ పాటల పుస్తకములు చూచి ఒక వృద్ధ విధవరాలు తన భర్త బైబిలు తెచ్చినది. మన యిండ్లలో బైబిలు మొదటి తెల్లకాగితముమీద పిల్లల జననములు, బాప్తిస్మములు, పెండ్లిండ్లు, మరణములు వ్రాయుదురు గదా. ఆమె భర్త చేవ్రాత దానిమీద నున్నది. ఆ కాగితము ఊడి, కీర్తనల మడతలు విడిపోయినవి. ఆమె రెండు దినములకొకసారి వచ్చి, "మాష్టారూ, మా యింటాయన బైబిలు అయ్యిందాండీ?" అని అడుగుచుండెను. "ఇంకా కాలేదమ్మా, తొందరపెట్టకు" అని ఆయన విసుగుకొనుచుండిరి. విరమించిన తరువాత ఆయన అట్లు విసుగుకొనుట నేను మొదటిసారి చూచితిని. ఆ విసుగు నాకు ఎంత సంతోషము కలిగించెనో చెప్పలేను. ఆయన చేయు పనికొరకు ఒకరు కనిపెట్టుకొని యున్నారు.

తీరా ఇచ్చినప్పుడు ఆమె పుటలు త్రిప్పి చూచి, ఒక మడత తలక్రిందులుగా కుట్టబడినదని కనిపెట్టెను. ఆమెకు చదువు తక్కువ, అయినను ఆ బైబిలు ఆమెకు తెలియును. ఆయన సిగ్గుపడి, కుట్లన్నియు విప్పి మరల కుట్టిరి. ఆ రాత్రి నాతో, "ఆమె బాగుగా దిద్దినదిరా" అనిరి. అప్పుడు పలకమీది లెక్కల మాట నాకు జ్ఞాపకము వచ్చినది. ఏ పని తృప్తినిచ్చును, ఏ పని ఇయ్యదు అని తెలిసికొనుటకు నేనెరిగిన గుర్తు ఇదే. దానిని దిద్దువారున్నారా? దానికొరకు ఎదురుచూచువారున్నారా? అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయమున దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె తమకు కుట్టి ఇచ్చిన వస్త్రములను పేతురునకు చూపిరి. ఆమె చేతిపనిని తొడుగుకొన్నవారు ఉండిరి.

ఇక్కడ రెండు సంగతులు మరువరాదు. మొదటిది, మా తల్లిగారిని గూర్చి. తండ్రిగారికి ఉద్యోగ విరమణ కాగానే ఆమెకు పని పెరిగినది. మధ్యాహ్న భోజనము, మూడవసారి కాఫీ, దినమంతయు ఇంటనుండు మనుష్యుని చికాకు, అన్నియు ఆమెమీద పడినవి. ఆమెకు ఎవరును సన్మాన సభ చేయలేదు, శాలువ కప్పలేదు. తండ్రికి వ్యాపకము వెదకు కుమారులారా, తల్లికి ఒక గంట తీరిక వెదకుడి. మా తల్లిగారిని ఏమి కావలెనని అడుగగా, "మంగళవారపు స్త్రీల కూటమునకు వంట తొందర లేకుండ వెళ్లవలెను" అనిరి. ఆమె అడిగినది అంత కొంచెము. అది కూడ మేము అడిగినదాక ఆమె చెప్పలేదు.

రెండవది, మన సంఘములలో ఎక్కువమంది కూలిపని చేసికొని బ్రదుకువారు. వారికి విరమణ దినము లేదు, మోకాళ్లే ఆ దినమును నిర్ణయించును. ఆంధ్ర ప్రదేశమున 2024 జూలై మొదలు వృద్ధుల పింఛను నెలకు 4000 రూపాయలు చేయబడినది. అది అన్నమునకు మందులకు సహాయమే. అయితే నాటువేయుటకు పోలేని ముసలమ్మకు, ఆ గుంపులోని మాటయు పాటయు ఆ డబ్బుతో రావు. నాట్లకాలమున గ్రామమంతయు పొలములో నుండగా ఆమె ఒక్కతె గుడిసెలో నుండును. పసిపిల్లలను ఆమెయొద్ద విడిచి వెళ్లు కోడలు ఆమెకు భారము పెట్టుచున్నదా, చోటు ఇచ్చుచున్నదా? పిల్లలు ఎందరు, ఆమెకు బలమెంత, ఆమె మనస్సేమి అనుదానినిబట్టి జవాబు మారును. అడిగి తెలిసికొనవలెను.

ఈ అడుగుట యనునది రాజైన దావీదుకును తగినదే. రెండవ సమూయేలు 19వ అధ్యాయమున ఎనుబది యేండ్ల బర్జిల్లయిని దావీదు యెరూషలేమునకు రమ్మని, తనయొద్ద పోషించెదనని పిలిచెను. ప్రేమతోనే పిలిచెను. భోజనపు రుచియు గాయకుల స్వరమును తనకు తెలియవనియు, తన ఊరిలో తన తలిదండ్రుల సమాధియొద్ద చనిపోగోరుచున్నాననియు ఆ ముసలివాడు చెప్పి, తనకు బదులుగా కింహామును పంపెను. దావీదు బలవంతము చేయలేదు. నీకు ఇష్టమైనదే చేసెదనని చెప్పి, ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. పట్టణములోని మూడవ అంతస్తు ఇంటికి తల్లిదండ్రులను తీసికొనిపోయి, "ఇక్కడ సమస్తమును ఉన్నది గదా, ఇంకేమి కావలెను?" అను మన పిల్లలు ఈ అధ్యాయమును చదువవలెను. వారు రాననుటయు, వచ్చి ఏమియు చేయక ఊరక కూర్చుండగోరుటయు పాపము కాదు. దేవుడే విశ్రాంతి దినమును నియమించెను. ఊరకుండుట కొందరికి ఫలము, కొందరికి శిక్ష. ఏది ఏదో వారి ముఖము చూచి తెలిసికొనుటకు వారి దగ్గర కూర్చుండవలెను గదా.

గనుక ఆ యౌవనస్థునికి నేను చెప్పునది ఇది. తమ్ముడా, ఏదియు కొనకముందు మీ నాన్నగారు ఉద్యోగములో నుండగా జీతము లేకుండ, ఎవరును చెప్పకుండ చేసిన పని ఏదో జ్ఞాపకము చేసికొనుము. నీకు తెలియనియెడల మీ అమ్మగారిని అడుగుము. దానికి కావలసిన దారమో, గొడ్డలియో, సైకిలు పంపో ఆయన చేతికందునట్లు పెట్టి, మాటలాడక ఊరకుండుము. ఆయన మొదలుపెట్టినయెడల దాని ఫలము నిజముగా అవసరమైన వారిని ఆయనయొద్దకు పంపుము. తప్పు జరిగినప్పుడు "పరవాలేదు, ఊరక కాలక్షేపమునకే గదా" అనకుము. ఆ మాట ముసలివారిని చంపును. అన్నిటికంటె ముందు, వారమున ఒక సాయంకాలము ఏ పనియు పెట్టుకొనక ఆయన ప్రక్కన అరుగుమీద కూర్చుండుము. వీధిలో ఆయన ఏమి చూచుచున్నాడో నీకును కనబడవచ్చును.

మా తండ్రిగారి వ్యాపకము శాశ్వతముగా నిలిచినదని చెప్పి నేను ముగింపలేను. ఇప్పుడు ఆయన చేతులు వణకుచున్నవి. కన్నులకు శుక్లముల ఆపరేషను చేయించితిమి, అయినను సూదిలో దారము ఎక్కింపలేరు. మా గ్రామమున తొమ్మిదవ తరగతి చదువు ఒక పిల్లవాడు కుట్టుచుండగా, ఆయన ప్రక్కన కుర్చీలో కూర్చుండి పుటల వరుస సరిచూచి అందించుచున్నారు. తప్పు కుట్టినప్పుడు "విప్పరా" అనుచున్నారు. ఇప్పుడు దిద్దువాడు ఆయనే. ఏబది యేండ్ల లేవీయుడు బరువు దింపి, సహోదరులతో కూడ కావలియొద్ద నిలిచినట్లే యిది. నీవు ముసలివాడవైనప్పుడు వేరొకడు నీ నడుము కట్టి నీకిష్టముకాని చోటికి నిన్ను మోసికొనిపోవునని ప్రభువు పేతురుతో చెప్పిన దినము ఆయనకును వచ్చును, మనకును వచ్చును. ఆ దినమున ఏ వ్యాపకమును మన చేతిలో మిగులదు. మన ప్రక్కన కూర్చుండువారు మాత్రము మిగులవలెను.

గురువారపు సాయంకాలములలో నేను వెళ్లినప్పుడు ఆయన ఇప్పటికిని దారపు కొస నా చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో" అందురు. చిన్నతనమున పట్టుకొన్నట్లే పట్టుకొందును. ఆ కొస విడువకుండునట్లు దేవుడు నాకును, ఇది చదువు ప్రతి కుమారునికిని కుమార్తెకును కృప ననుగ్రహించును గాక. ఆమేన్.